సూర్యకాంతిలోని నల్ల గీతలను ఇంట్లోనే చూడటం ఎలా?

సూర్యుడి కేంద్రంలో సుమారు 1.5 కోట్ల డిగ్రీల వేడి దగ్గర హైడ్రోజన్ హీలియంగా మారుతుంది. అక్కడ పుట్టిన శక్తి అడుగడుగునా దారి మళ్లుతూ ఉపరితలం చేరడానికి వేల ఏళ్లు పడుతుంది. అక్కడి నుంచి మన దాకా రావడానికి మాత్రం 8 నిమిషాల 20 సెకన్లు చాలు. సుమారు 5,500 డిగ్రీల ఉపరితలం నుంచి అన్ని రంగులూ కలిసే బయల్దేరతాయి. పైనున్న కాస్త చల్లటి వాయువులు తమకు సరిపడే రంగులను పట్టేసుకుంటాయి. కాంతిని రంగుల పట్టీగా పరిస్తే ఆ లోటే నల్ల గీతలుగా కనిపిస్తుంది. 1814లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాన్‌హోఫర్ వీటిని వందల్లో నమోదు చేశాడు. ముఖ్యమైనవి చూడటానికి మనకు ఒక డీవీడీ-ఆర్ (రాసుకోవడానికి వీలైన డీవీడీ), 20–25 సెం.మీ. అట్టపెట్టె, రెండు బ్లేడ్లు, నల్ల కాగితం, టేపు ఉంటే సరిపోతుంది. సీడీ అంత బాగా పనికిరాదు: దాని గాడుల మధ్య దూరం 1.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), డీవీడీలో 0.74. గాడులు దగ్గరగా ఉంటేనే రంగులు బాగా విడిపోతాయి.

1. డీవీడీ అంచులో బ్లేడు మొన దూర్చి రెండు పొరలుగా విడదీయండి. ఊదా రంగు అంటిన సగమే కావాలి. మెరుపు పూత మిగిలితే టేపు అంటించి లాగేయండి. ఊదా రంగును స్పిరిట్‌తో కడగండి. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి పోవద్దు, ప్లాస్టిక్ తెల్లబారిపోతుంది.

2. బయటి అంచు దగ్గర 2 సెం.మీ. ముక్క కత్తిరించండి. అక్కడ గాడులు దాదాపు తిన్నగా ఉంటాయి. అవి అంచు వెంటే సాగుతాయి కాబట్టి ఆ దిశను ముందే స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

3. పెట్టె లోపల నల్ల కాగితం అతికించండి. ఒక చివర కిటికీలా కోసి, బ్లేడ్లను ఎదురెదురుగా అంటించండి. మధ్య ఖాళీ, అంటే చీలిక, 0.2 మి.మీ. ఉండాలి. రెండు కాగితాలు కలిపి మధ్యలో నిలబెట్టి, బ్లేడ్లు అంటించాక లాగేస్తే సరి.

4. రెండో చివర 1.5 సెం.మీ. రంధ్రం చేసి డీవీడీ ముక్క అతికించండి. గాడులు చీలికకు సమాంతరంగా ఉండాలి.

చీలికను తెల్ల మబ్బు వైపు తిప్పండి. సూర్యుడి వైపు పొరపాటున కూడా వద్దు. మబ్బు నుంచి వచ్చేదీ సూర్యకాంతే, గీతలన్నీ అందులోనూ ఉంటాయి. రంధ్రానికి కన్ను ఆనించి, చీలిక వైపు కాకుండా సుమారు 45 డిగ్రీలు పక్కగోడ వైపు చూడండి. చాలామంది ఇక్కడే తికమకపడి, ఏమీ కనపడలేదని పెట్టె పక్కన పడేస్తారు.

రంగుల పట్టీలో ఒక్కో చోటును ఆ కాంతి తరంగదైర్ఘ్యంతో (నానోమీటర్లలో) గుర్తిస్తారు. ఆకుపచ్చలో 517 నానోమీటర్ల దగ్గర మెగ్నీషియం, పసుపులో 589 దగ్గర సోడియం, నీలం మొదట్లో 486 దగ్గర హైడ్రోజన్ గీతలు కనిపిస్తాయి. రంగులు వచ్చి గీతలు రాకపోతే చీలిక వెడల్పు ఎక్కువైనట్టే. పట్టీ పొడవునా సన్నటి చారలుంటే బ్లేడు అంచున దుమ్ముంది. పట్టీ ఏటవాలుగా ఉంటే ముక్కను తిప్పి సరిచేయండి. అంతా వెలిసిపోయినట్టుంటే ఎక్కడో వెలుతురు దూరుతోంది.

ముదురు ఎరుపులో 687 దగ్గరున్న గీత మాత్రం సూర్యుడిది కాదు, మన గాలిలోని ఆక్సిజన్ చేసిన పని. పొద్దు వాలాక కాంతి ఎక్కువ గాలిలోంచి రావాలి కాబట్టి అది ఇంకా ముదురుతుంది.

రాత్రి నక్షత్రాలకు ఈ పెట్టె చాలదు, అంత మసక కాంతిని డీవీడీ మరీ పలచగా పరిచేస్తుంది. మిల్లీమీటరుకు 100 గాడులున్న గ్రేటింగ్‌ను (కాంతిని రంగులుగా విడదీసే పలకను) కెమెరా లెన్స్ ముందు పెట్టి, స్టాండు మీద 10–15 సెకన్లు ఫొటో తీయండి. నక్షత్రం చుక్కే కాబట్టి చీలిక అక్కర్లేదు. రంగుల గీత నక్షత్రం కదిలే దిశకు అడ్డంగా పడేలా అమరిస్తే, అది కాస్త వెడల్పై నల్ల గీతలు తేలతాయి. సిరియస్‌తో మొదలుపెట్టండి, దాని హైడ్రోజన్ గీతలు బలమైనవి.