డబ్బు ఎక్కడ పెట్టాలో అడిగే ముందు ఒక కాగితం రాయండి

ఒడిశాలోని రాయగడలో నేను చేసేది లెక్కల పని. చిన్న షాపుల జీఎస్టీ, మేష్టార్ల ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, వాటితోపాటు మ్యూచువల్ ఫండ్ దరఖాస్తులు. ఫండ్ నా ద్వారా కొంటే నాకు కమిషన్ వస్తుంది, మధ్యలో ఎవరూ లేకుండా కంపెనీ దగ్గరే, అంటే డైరెక్ట్ ప్లాన్‌లో కొంటే రాదు. ఆ సంగతి మనసులో పెట్టుకునే మిగతాది చదవండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి తాతల కాలంలో వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు. కుర్చీలో కూర్చోగానే ఒకటే ప్రశ్న: "అమ్మా, ఇప్పుడు దేంట్లో పెడితే బాగుంటాది?"

వెంటనే జవాబు చెప్పను. ఒక తెల్లకాగితం, పెన్ను ఇస్తాను. ఎంత మంచి ఫండైనా భయపడో, మనసొప్పకో మధ్యలో అమ్మేస్తే లాభం లేదు. కాబట్టి ముందు తేలాల్సింది ఏది మీ చేతిలో నిలుస్తుందన్నది. ఆ కాగితం మీద ఏం రాయాలో చెబుతాను.

మొదట తేదీ రాయండి. ఈ డబ్బు ఎప్పుడు కావాలి? మూడేళ్ళలోపు కావాలంటే షేర్ల మాట ఎత్తకండి. పిల్ల పెళ్ళి మాఘమాసంలో పెట్టుకుంటే ముహూర్తం షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ కోసం ఆగదు. ఆరు నెలల ఇంటిఖర్చు కూడా ఇందులోంచి తీసి బ్యాంకులో పక్కన పెట్టండి. బ్యాంకు మూతపడినా అసలు, వడ్డీ కలిపి ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరి ముందు అది లక్షే. ఈ బీమా సహకార బ్యాంకులకూ ఉంది కానీ, బోర్డు మీద 'కోఆపరేటివ్ సొసైటీ' అని మాత్రమే ఉన్నవాటికి లేదు. బోర్డు సరిగ్గా చదవండి.

రెండోది, ఎంత పోతే తట్టుకుంటారో రూపాయల్లో రాయండి. శాతాల్లో వద్దు. మార్కెట్ పెరుగుతున్నప్పుడు "రిస్క్ తీసుకుంటారా?" అని అడిగితే కాదనేవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు. "ఇరవై శాతం పడినా పర్లేదమ్మా" అనేస్తారు. అదే మనిషితో "పది లక్షలు పెట్టారు, ఫోన్ తీస్తే 6 లక్షల 20 వేలు కనిపిస్తోంది, ఏం చేస్తారు?" అంటే గొంతు మారుతుంది. నేను భయపెట్టడానికి అల్లిన లెక్క కాదిది. 2020 జనవరిలో దాదాపు 42,000 దగ్గరున్న సెన్సెక్స్ మార్చి 23న 25,981కి దిగింది. ఆ ఒక్కరోజే 3,934 పాయింట్లు పోయాయి. నవంబరుకల్లా మళ్ళీ పాత ఎత్తుకు చేరింది, ఓపిక పట్టినవాళ్ళు బతికిపోయారు. ప్రతిసారీ అంత తొందరగా తేరుకుంటుందనుకోకండి. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అక్టోబరులో 8,000 లోపుకు పడింది. మళ్ళీ 21,000 మొహం చూడడానికి 2010 దీపావళి దాకా పట్టింది. ఇవన్నీ సూచీ లెక్కలు, అంటే చాలా పెద్ద కంపెనీలను కలిపి చూసినవి. ఒక్క కంపెనీ షేరైతే అసలు తిరిగి రాకపోవచ్చు కూడా.

ఇక్కడ రెండు సంగతులు కలగలిసిపోతాయి, విడదీయాలి. తట్టుకునే స్తోమత వేరు, తట్టుకునే గుండె వేరు. పర్మనెంట్ ఉద్యోగం, పీఎఫ్, సొంతిల్లు ఉన్న ఒకాయన గంటకోసారి ఫోన్‌లో రేటు చూసుకుని బీపీ తెచ్చుకుంటాడు. బస్టాండ్ దగ్గర టిఫిన్ బండి ఉన్నాయన మాత్రం "పోతే పోనీండి మేడమ్" అంటాడు, కానీ వారం రోజులు వాన పట్టుకుంటే అతని ఇంట్లో బియ్యం నిండుకుంటాయి. ఈ రెండిట్లో మీకు ఏది తక్కువో అదే మీ హద్దు. ఫండ్ కాగితాల మీద ఉండే రిస్కోమీటర్‌లో ఆరు మెట్లుంటాయి, అది చూడండి. కానీ అది చెప్పేది ఫండ్ గురించి. మీ గురించి దానికేం తెలుసు?

పోయిన రూపాయి బాధ, వచ్చిన రూపాయి సంతోషం కన్నా పెద్దదని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో రాశారు. పేకాట చూసినవాళ్ళకి ఈ సంగతి ముందే తెలుసనుకోండి. పదేళ్ళ కోసం పెట్టిన డబ్బును రోజూ చూస్తే, పడిన రోజుల బాధే మనసులో మిగులుతుంది. యాప్ తీసేయండి, ఏడాదికోసారి స్టేట్‌మెంట్ చూడండి.

అసలు ఏమీ చేయకపోయినా రిస్కే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో రెట్టింపవుతాయి. సేవింగ్స్ ఖాతాలో పడుకున్న లక్షకు, వడ్డీ కలిపినా, అప్పటికి ఇప్పుడొచ్చినంత సామాను రాకపోవచ్చు.

మా ఊళ్ళో ఎక్కువగా కనిపించే రిస్క్ ఇంకొకటుంది. జేకేపూర్‌లో పేపర్ మిల్లు ఉంది, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉంది, రెండు కంపెనీల షేర్లూ మార్కెట్‌లో దొరుకుతాయి. "మనకు తెలిసిన కంపెనీ కదా" అని అక్కడ పనిచేసేవాళ్ళూ, వాళ్ళ బావమరుదులూ ఆ షేర్లే కొంటారు. కంపెనీ ఎంత మంచిదైనా సరే, జీతం అక్కడిదే, ఇంటి కింద షాపు మీద వచ్చే అద్దె ఆ జీతాలవల్లే, దాచుకున్నదీ అక్కడే అయితే, ఒక చెడ్డ సంవత్సరం మూడింటినీ ఒకేసారి తాకుతుంది. దగ్గరగా తెలిసినంత మాత్రాన రిస్క్ తగ్గదు. మీ జీతం ఏ పరిశ్రమ నుంచి వస్తోందో కాగితం మీద రాసి, పెట్టుబడి దానికి దూరంగా పెట్టండి.

ఇక మూడోది: ఏ డబ్బు మీకు వద్దు? ఈ ప్రశ్నకు కొందరు నవ్వుతారు. "డబ్బుకు మంచీ చెడూ ఏటమ్మా" అంటారు. నవ్వేవాళ్ళకి మన కొండ గురించి చెబుతాను.

రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న నియమగిరిలో అల్యూమినియం తీసే ఖనిజం బాక్సైట్ ఉంది. అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కోంధ్‌లకు అది వాళ్ళ దేవుడు నియమరాజు కొండ. వేదాంత కంపెనీ ఆ బాక్సైట్‌ను నమ్ముకుని లాంజిగఢ్‌లో అల్యూమినా రిఫైనరీ కట్టింది. నార్వే ప్రభుత్వ పింఛను నిధి 2007లో వేదాంత షేర్లను పక్కన పెట్టేసింది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2010లో తన షేర్లు అమ్మేసింది. స్థానికుల హక్కుల విషయంలో కంపెనీ తీరు నచ్చక తీసుకున్న నిర్ణయాలవి. అప్పట్లో వాళ్ళను చూసి "వీళ్ళకి వ్యాపారం తెలీదు" అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. 2012 డిసెంబరులో బాక్సైట్ చాలక రిఫైనరీ కొన్ని నెలలు ఆగింది. కొండ తవ్వాలా వద్దా అన్నది 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలింది. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, మొత్తం 12 గ్రామసభలూ వద్దన్నాయి. మరుసటి జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ తవ్వకాలకు అనుమతి నిరాకరించింది.

ఫ్యాక్టరీ మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం నా పని కాదు. మా వీధిలోనే దానిమీద రెండు పార్టీలున్నాయి. పెట్టుబడి పెట్టేవాడు ఇందులో చూడాల్సింది వేరే ఉంది. 2007లో 'ధర్మం' అనిపించిన ప్రశ్నే ఆరేళ్ళకు 'ముడిసరుకు దొరకదు' అనే రిస్క్‌గా తేలింది. మనసుకు రుచించని వ్యాపారం చాలాసార్లు ఎవరో ఒకరికి కష్టం కలిగిస్తూ ఉంటుంది, ఆ ఎవరో ఒకరోజు కోర్టుకు వెళతారు. ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని కాదు. సిగరెట్ల కంపెనీలు దశాబ్దాలుగా లాభాలు పంచుతూనే ఉన్నాయి. అలాంటి చోట విలువకు ధర మీరే కట్టాలి, వచ్చే లాభం వదులుకోవాలి. దానికి ముందే సిద్ధపడితే తరువాత బాధ ఉండదు.

చూసుకునే పద్ధతి తేలికే. ప్రతి ఫండూ నెలనెలా ఏయే కంపెనీల్లో పెట్టిందో వెబ్‌సైట్‌లో పెడుతుంది. పోర్ట్‌ఫోలియో జాబితా తీసి మొదటి ఇరవై పేర్లు చదవండి. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయిన ఒక టీచరమ్మ "పొగాకు వద్దు" అని రాసింది, ఆవిడ చేతిలో మాత్రం నిఫ్టీ ఇండెక్స్ ఫండ్, అంటే నిఫ్టీ సూచీలో ఉన్న కంపెనీలన్నీ కొనే ఫండ్ ఉంది. నిఫ్టీలో సిగరెట్లు చేసే ఐటీసీ ఉంటుంది. చూపించాక కాసేపు ఆలోచించి, "వందలో ఆ కాస్త పర్లేదులే" అని ఉంచుకుంది. అదీ నిర్ణయమే, తెలిసి తీసుకుంది. వడ్డీ వ్యాపారం, మద్యం వద్దనే ముస్లిం కుటుంబాలకు షరియా నియమాలతో నడిచే ఫండ్లున్నాయి. బ్యాంకులే ఉండవు కాబట్టి వాటి రాబడి మిగతా మార్కెట్‌తో కలిసి నడవదు, అది ముందే చెబుతాను. పర్యావరణం, సమాజం, పాలన చూసి ఎంచుతామనే 'ఈఎస్‌జీ' అని పేరుంటే సరిపోదు, అందులోనూ పేర్లు చదవాల్సిందే.

నాలుగోది రాయడానికి అందరూ ఇబ్బంది పడతారు: మొహమాటానికి ఎవరి మాట వింటున్నారు? ఒడిశాలో అక్రమ డిపాజిట్ కంపెనీలు కూలినప్పుడు, 2014 మేలో సుప్రీంకోర్టు ఆ కేసులను సీబీఐకి అప్పగించింది. అలాంటివాటికి ఏజెంట్లు పెదనాన్న కొడుకులు, స్కూల్లో కలిసి చదివినవాళ్ళు. అయినవాళ్ళను నమ్మడం మంచి గుణమే, మోసగాడికి కావలసిందీ అదే గుణం. "మీ మీద నమ్మకం ఉంది అన్నయ్యా, కాగితం ఒక్కటి చూపించు" అనండి. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, డిపాజిట్ అయితే ఆర్‌బీఐ నడిపే సచేత్ పోర్టల్‌లో వెతకండి. చుట్టానికి సాయం చేయాలనిపిస్తే నేరుగా చేతికే ఇవ్వండి, పెట్టుబడి అని పేరు పెట్టకండి.

ఈ కాగితాన్ని ఆలుమగలు విడివిడిగా రాయాలి. ఒకరిది చూసి ఒకరు రాస్తే పనికిరాదు. మొన్న వచ్చిన జంటలో ఆయన 4 లక్షలు పోయినా ఫర్వాలేదని రాస్తే, ఆవిడ 20 వేలు అని రాసింది. మధ్యలో ఎక్కడో సర్దుదామని ఆయన అన్నాడు. నేను వద్దన్నాను, మధ్యలో పెడితే ఇద్దరికీ నిద్ర ఉండదు. ఉన్న డబ్బు రెండు వాటాలు చేశాం. ఆవిడ వాటా పోస్టాఫీసులో, ఆయనది ఇండెక్స్ ఫండ్‌లో. నామినీగా ఒకరికొకరు సంతకం పెట్టారు.