పెద్ద లెవెల్ పోరుకు ముందు డీఎం తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఏడాదిన్నర పాటు ఊరిస్తూ వచ్చిన విలన్ మా టేబుల్ మీద ఒక్క రౌండ్ కూడా నిలవలేదు. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే కథల ఆట, ఐదో ఎడిషన్, 2014 రూల్స్. కథనూ శత్రువులనూ నడిపే డంజన్ మాస్టర్‌ను, అంటే డీఎంను, నేనే. ఐదుగురు ప్లేయర్లు, అందరూ 15వ లెవెల్. ఎదురుగా లిచ్, అంటే చచ్చినా తిరిగే అన్‌డెడ్ మాంత్రికుడు. చాలెంజ్ రేటింగ్ (శత్రువు కష్టాన్ని చెప్పే అంకె) 21, ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే పాయింట్లు) 33,000. మా ఐదుగురికి పుస్తకం గీసిన 'డెడ్లీ' గీత 32,000. కాగితం మీద చూస్తే ఎవరో ఒకరు చచ్చిపోవాల్సిన పోరు.

ఇనిషియేటివ్, అంటే మొదటి వంతు, ఫైటర్‌కు వచ్చింది. యాక్షన్ సర్జ్‌తో (అదే టర్న్‌లో ఇంకో యాక్షన్ ఇచ్చే శక్తి) ఆరుసార్లు కొట్టాడు, ఐదు తగిలాయి. ప్లస్ టూ గ్రేట్‌సోర్డ్, దెబ్బకు సగటున 14. అక్కడికే 70 పోయాయి. తర్వాత పాలడిన్, అంటే దైవశక్తి ఉన్న యోధురాలు. రెండు దెబ్బలూ తగిలాయి, రెండింటికీ నాలుగో లెవెల్ స్లాట్ (రోజుకు ఇన్నని ఉండే మంత్రాల కోటా) పెట్టి స్మైట్ చేసింది, అంటే దెబ్బకు ఆ దైవశక్తిని కలిపింది. ఎదురున్నది అన్‌డెడ్ కాబట్టి ఒక్కో స్మైట్‌కు ఆరు డి8లు, అంటే ఎనిమిది ముఖాల డైస్. ఆ రెండు దెబ్బలకే 80 దాటింది. లిచ్‌కు ఉన్నవి మొత్తం 135 హిట్ పాయింట్లు, అవి అయిపోతే పోయినట్టే. దాని దగ్గర దెబ్బను అడ్డుకునే షీల్డ్ స్పెల్ ఉందన్న సంగతి ఆ కంగారులో నాకు తట్టనే లేదు. మూడు లెజెండరీ రెసిస్టెన్స్‌లూ అలాగే మిగిలిపోయాయి. అవి ఓడిపోయిన సేవింగ్ త్రోను, అంటే మంత్రాల్లాంటి వాటి నుంచి తప్పించుకోవడానికి వేసే డైని (పొట్టిగా సేవ్), గెలుపుగా మార్చడానికి ఉన్నవి, కత్తి దెబ్బకు అడ్డురావు. వాళ్లు కాసేపు సంబరపడ్డారు, ఆ తర్వాత "అంతేనా?" అన్నట్టు నా వైపు చూశారు.

11వ లెవెల్ దాటిన పార్టీకి పోరు రాసుకుంటున్న డీఎంలకు ఆ రోజు నుంచి నేను చెబుతున్నది ఒకటే. అక్కడ కష్టం శత్రువు అంకెలుండే స్టాట్ బ్లాక్‌లో ఉండదు. పార్టీ ఆ గదిలోకి ఏ స్థితిలో అడుగుపెట్టింది, అక్కడ చంపడం కాక ఇంకేం చేయాలి అన్న రెండింటి మీదే ఉంటుంది. మీ జాగ్రత్తలన్నీ ఈ రెండింటి చుట్టూ పెట్టుకోండి.

పోరుకు రెండు వారాల ముందే అందరి క్యారెక్టర్ షీట్లూ అడిగి తీసుకోండి. మూడేళ్లుగా వాళ్లతోనే ఆడుతున్నా సరే, తీసుకోండి. లెవెల్ పెరిగినప్పుడల్లా చేతికి కొత్తగా ఏం వచ్చిందో వాళ్లకు గుర్తుంటుంది, మనకు ఉండదు. ఒక కాగితం మీద ఒక్కొక్కరికి మూడు విషయాలు రాసుకోండి. అన్నీ కలిసొస్తే ఒక్క రౌండ్‌లో ఎంత డ్యామేజ్ చేయగలరు, ఏ సేవ్ బలహీనంగా ఉంది, అసలు సేవ్ అడగని స్పెల్స్ ఏమున్నాయి.

మొదటిదాంట్లో పెద్ద అంకెలు ఉన్న ఇద్దరివి కలిపి చూడండి. అది విలన్ హిట్ పాయింట్లను దాటుతోందంటే నా లిచ్‌కు పట్టిన గతే దానికీ పడుతుంది. అప్పుడు హిట్ పాయింట్లు పెంచడంలో తప్పేం లేదు. పుస్తకంలో ఇచ్చేది సగటు మాత్రమే. లిచ్‌ది 18డి8కు 54 కలిపిన లెక్క, గరిష్ఠంగా 198 దాకా వెళ్లొచ్చు. అడల్ట్ రెడ్ డ్రాగన్‌కు సగటు 256 అయితే గరిష్ఠం 361. ఆ హద్దులో ఎంతైనా పెట్టుకోండి, కానీ సెషన్‌కు ముందే రాసి పెట్టేయండి. పోరు నడుస్తుండగా "ఇంకో అరవై కలుపుదాం" అనుకోవద్దు. ఎవరో తమ ఆఖరి స్లాట్ ఖర్చుపెట్టి కొట్టిన దెబ్బను మనం చాటుగా మింగేసినట్టు అవుతుంది. వాళ్లకు ఎప్పటికీ తెలియకపోవచ్చు, అయినా నేను దాన్ని తప్పనే అంటాను.

సేవ్‌ల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. డై మీద 20 పడితే ఎలాగైనా గట్టెక్కుతాం అని చాలామంది అనుకుంటారు. ఆ రూల్ అటాక్‌కే, సేవ్‌కు లేదు. ఏన్షియంట్ రెడ్ డ్రాగన్ తన చుట్టూ పుట్టించే భయానికి, అంటే ఫ్రైట్‌ఫుల్ ప్రెజెన్స్‌కు, డీసీ (సేవ్‌లో అందుకోవాల్సిన అంకె) 21. విజ్డమ్ 10 ఉన్న ఫైటర్‌కు డై మీద కలిసేదేమీ ఉండదు, 20 పడినా చాలదు. ఆ భయం ఉండే నిమిషం, అంటే పది రౌండ్లు, అతను డ్రాగన్ దగ్గరికి ఒక్క అడుగు కూడా వేయలేడు. ఒక మనిషి శనివారం రాత్రి రెండు గంటల పాటు డైస్ పట్టుకుని ఊరికే కూర్చుంటాడన్నమాట. పక్కన పాలడిన్ ఉంటే ఆరా సాయపడుతుంది, క్లెరిక్ (మంత్రాలు తెలిసిన పూజారి) హీరోస్ ఫీస్ట్ అనే మంత్రపు విందు పెట్టి తీసుకొస్తే ఆ రోజంతా భయమే అంటదు. మీ పార్టీలో ఆ ఇద్దరూ లేకపోతే ఆ డ్రాగన్‌ను దించే ముందు ఆ భయం పోగొట్టే దారి ఒకటి కథలోనే పెట్టండి. ఊళ్లో ఒక పూజారి, పాత సమాధిలో ఒక తాయెత్తు, ఏదైనా సరే.

ఇక సేవ్ అడగని స్పెల్స్. ఫోర్స్‌కేజ్, మేజ్, వాల్ ఆఫ్ ఫోర్స్, అన్నీ శత్రువును బంధించేవే. "నా విలన్ దీంట్లో పడితే మరుసటి టర్న్‌లో ఏం చేస్తాడు?" అని ఒక్కోదానికి జవాబు రాసుకోండి. వాల్ ఆఫ్ ఫోర్స్‌ను డిసింటిగ్రేట్ కూల్చేస్తుంది, డిస్పెల్ మ్యాజిక్ కూల్చలేదు. ఇలాంటివి టేబుల్ దగ్గర పుస్తకం తిప్పి వెతుక్కుంటే టెన్షన్ అంతా ఆవిరైపోతుంది.

అందరూ తేలిగ్గా తీసుకునేది విశ్రాంతి సంగతి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం అదే. 2014 డీఎం గైడ్ పట్టికల వెనుక ఒక ఊహ ఉంది. రెండు లాంగ్ రెస్ట్‌ల (స్లాట్లన్నీ తిరిగొచ్చే రాత్రి నిద్ర) మధ్య పార్టీ ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ పోరులు చేస్తుంది, మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు (గంట విరామాలు) తీసుకుంటుంది. మనలో ఎంతమంది అలా ఆడతాం? నెలకు రెండు సెషన్లు, సెషన్‌కు ఒక పోరు. 15వ లెవెల్ విజార్డ్‌కు రోజుకు 18 స్పెల్ స్లాట్లు ఉంటాయి. ఒక పోరు మూడు నాలుగు రౌండ్లలో తేలిపోతుంది. ఆ రోజుకు అదొక్కటే పోరు అని తెలిస్తే ఎనిమిదో లెవెల్ నుంచి కిందికి వరసగా నాలుగు పెద్ద స్పెల్స్ విసిరితే చాలు. మిగతా 14 స్లాట్లతో పని లేదు. ఏ పట్టికా దీన్ని లెక్కలోకి తీసుకోదు.

తలుపులు మూసేసి విశ్రాంతి ఆపుదామంటే కుదరదు. 13వ లెవెల్ నుంచి వాళ్ల దగ్గర టెలిపోర్ట్ ఉంటుంది, మాగ్నిఫిసెంట్ మాన్షన్ ఉంటుంది. శత్రువు కోట నడిబొడ్డున కూడా తలుపు వేసుకుని విందు భోజనం చేసి పడుకుంటారు. వాళ్లను ఆపేది గడువు ఒక్కటే. తెల్లవారేసరికి ద్వారం తెరుచుకుంటుంది, గ్రహణం విడిచేలోపు రాజును బలిస్తారు, అలాంటిది. ఆ గడువును దాచొద్దు, సెషన్ మొదట్లోనే సూటిగా చెప్పేయండి. తెలిసీ స్లాట్ ఖర్చుపెట్టాలా వద్దా అని వాళ్లు తమలో తాము వాదించుకోవడమే ఆ రాత్రి సగం ఆట. ఆఖరి పోరుకు ముందు మూడు చిన్న ఘర్షణలు పెట్టినా నాకు సరిపోయాయి. అన్నీ కత్తియుద్ధాలే కానక్కర్లేదు. కూలిపోతున్న వంతెన మీద నలభై మందిని దాటించడానికి కూడా స్లాట్లు కరుగుతాయి.

ఒంటరి విలన్ సంగతి మన పెద్దలు ఎప్పుడో చెప్పారు, ఎంత బలమైన పామైనా చలిచీమలకు చిక్కితే చావాల్సిందే. ఐదుగురికి ఐదు టర్న్‌లు, వాటి మీద బోనస్ యాక్షన్లు, రియాక్షన్లు. విలన్‌కు ఒక్క టర్న్, ఇతరుల టర్న్‌ల చివర వాడుకునే మూడు లెజెండరీ యాక్షన్లు, తన గుహలో ఉంటే ఒక లేయర్ యాక్షన్. అందుకని పక్కన మనుషుల్ని పెట్టండి, కానీ గాబ్లిన్లను పెట్టొద్దు. ఫైర్‌బాల్ సగటు 28, ఒక్క స్పెల్‌కు అందరూ పోతారు, మీ టైమ్ కూడా పోతుంది. 120 నుంచి 160 హిట్ పాయింట్లున్న ఇద్దరిని, విలన్‌కు కనీసం 40 అడుగుల దూరంలో వేర్వేరు వైపుల పెట్టండి.

నాకు బాగా కుదిరిన జత అడల్ట్ రెడ్ డ్రాగన్, ఇద్దరు ఫైర్ జెయింట్లు. జెయింట్లకు నిప్పు అంటదు, కాబట్టి వాళ్లు పార్టీని పట్టుకుని నిలబెడితే డ్రాగన్ నిర్మొహమాటంగా అందరి మీదా ఊదగలదు. సగటున 63 డ్యామేజ్. లెక్క చూడండి. డ్రాగన్ ఎక్స్‌పీ 18,000కు జెయింట్ల రెండు 5,000లు కలిపితే 28,000. 2014 పద్ధతిలో ముగ్గురు శత్రువులకు రెట్టింపు, అంటే 56,000. డెడ్లీ గీత 32,000 కాబట్టి ఇది సర్వనాశనం అంటుంది పట్టిక. 2024 గైడ్ ఆ రెట్టింపును తీసేసింది. దాని ప్రకారం 15వ లెవెల్ వాళ్లు ఐదుగురికి మోడరేట్ 27,000, హై 39,000. అంటే అదే పోరు మోడరేట్‌కు కాస్త పైన. మా టేబుల్ దగ్గర ఇద్దరు కిందపడి లేచారు, అందరూ బతికారు. కొత్త పట్టికే నిజానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అయినా పాత పట్టికకు పాత రూల్స్, కొత్త పట్టికకు కొత్త రూల్స్ వాడండి. 2024లో పాలడిన్ స్మైట్ టర్న్‌కు ఒక్కటే, ఫోర్స్‌కేజ్‌కు కాన్సంట్రేషన్ (మంత్రం నిలవడానికి పట్టి ఉంచాల్సిన ధ్యాస) కావాలి. రెండింటినీ కలిపేస్తే ఏ లెక్కా నిలవదు.

భయపడ్డ డీఎం చేసే పొరపాటు ఒకటుంది. గది అంతా యాంటీమ్యాజిక్, ఎక్కడా టెలిపోర్ట్ పనిచేయదు, విలన్‌కు అన్నీ ఇమ్యూనిటీలే. ఇది ప్లేయర్ల ముందరికాళ్లకు బంధం వేయడమే. విజార్డ్ ఆడే అబ్బాయి ఆ ఎనిమిదో లెవెల్ స్పెల్ కోసం రెండేళ్లు ఎదురుచూశాడు. వేయనివ్వండి. దాన్ని విలన్ లెజెండరీ రెసిస్టెన్స్‌తో తప్పించుకుంటే పైకే చెప్పండి, మూడింట్లో ఒకటి పోయిందని టేబుల్ మీద ఒక నాణెం పక్కకు జరపండి. అప్పుడు స్పెల్ వృథా కాలేదని అతనికీ తెలుస్తుంది, మిగతావాళ్లు మిగిలిన నాణేల వైపు చూడటం మొదలుపెడతారు.

మళ్లీ నా లిచ్ దగ్గరికి వస్తాను. ఫిలాక్టరీ, అంటే లిచ్ తన ప్రాణం దాచుకున్న వస్తువు, చెక్కుచెదరకుండా ఉంటే లిచ్ 1 నుంచి 10 రోజుల్లో కొత్త శరీరంతో లేస్తుంది. మాకు డైలో ఆరు పడింది. ఆరో రోజు రాత్రి పార్టీ దాని గోపురంలోకి వెళ్లింది. ఈసారి లిచ్ 60 అడుగుల ఎత్తున వసారాలో ఉంది, కింద ఒక ఐరన్ గోలెమ్, అంటే మంత్రంతో నడిచే ఇనుప బొమ్మ. మూడు మూలల్లో మూడు స్తంభాలు, అవి వెలుగుతున్నంతసేపు ఫిలాక్టరీని ఎవరూ తాకలేరు. ఒక స్తంభం ఆర్పడానికి ఒకరి యాక్షన్ మొత్తం కావాలి. ఐదో రౌండ్ చివర ఊరు మీద శాపం పడుతుంది. ఇదంతా మొదటి రౌండ్‌కు ముందే చెప్పేశాను.

అదే ఫైటర్, అదే పాలడిన్, అదే డ్యామేజ్. కానీ ఫైటర్ రెండో రౌండ్‌లో కత్తి ఒరలో పెట్టి స్తంభం వైపు పరుగెత్తాడు. విజార్డ్ ఫైర్‌బాల్ వేయబోయి ఆగాడు, నిప్పు తగిలితే ఆ గోలెమ్‌కు గాయాలు మానతాయని క్లెరిక్‌కు గుర్తొచ్చింది. పాలడిన్ వసారా ఎక్కేసరికి లిచ్ డైమెన్షన్ డోర్‌తో అవతలి మూలకు వెళ్లింది. నాలుగో రౌండ్‌లో మూడో స్తంభం ఆరింది. లిచ్ హిట్ పాయింట్లు నేను ఒక్కటి కూడా పెంచలేదు, అదే 135.

ఆ సెషన్‌కు ముందు ఆదివారం నేను ఇంట్లో ఒక్కడినే కూర్చుని వాళ్ల షీట్లతో రెండు రౌండ్లు ఆడి చూసుకున్నాను. గంట పట్టింది. లిచ్ షీల్డ్, కౌంటర్‌స్పెల్ రెండూ రియాక్షన్లేనని, రౌండ్‌కు ఒక్కటే కుదురుతుందని అప్పుడే ఒంటబట్టింది. విలన్ మొదటి మూడు టర్న్‌ల్లో ఏం చేస్తాడో ఒక చీటీ మీద రాసి, నోట్సు కనబడకుండా అడ్డుపెట్టుకునే డీఎం స్క్రీన్‌కు అంటించుకోండి.

టైమ్ కూడా చూసుకోండి. ఈ లెవెల్లో ఐదుగురితో ఒక రౌండ్‌కు మాకు అరగంట పడుతుంది. మాలో ఇద్దరు అమెరికా నుంచి ఆడతారు, మాకు రాత్రి పది అయ్యేసరికి వాళ్లు కాఫీ తాగుతుంటారు, పోరు సగంలో ఆగడం మామూలే. ఆపేటప్పుడు మ్యాప్ ఫొటో తీయండి. ఎవరి కాన్సంట్రేషన్ దేని మీద ఉంది, ఎన్ని స్లాట్లు మిగిలాయి, రియాక్షన్ వాడారా లేదా అన్నవి వాళ్లచేతే గ్రూప్‌లో పెట్టించండి. రెండు వారాల తర్వాత ఎవరికీ ఏమీ గుర్తుండదు.

చావు గురించి మాత్రం ముందే మాట్లాడుకోవాలి. పవర్ వర్డ్ కిల్ 100 లేదా అంతకన్నా తక్కువ హిట్ పాయింట్లున్నవాళ్లను సేవ్ లేకుండా చంపేస్తుంది. డిసింటిగ్రేట్ సగటు 75, సున్నాకు దిగితే బూడిదే. ఆ బూడిదను లేపాలంటే ట్రూ రిజరెక్షన్ లేదా విష్ కావాలి, 15వ లెవెల్లో ఆ రెండూ ఎవరి దగ్గరా ఉండవు. విలన్ దగ్గర ఇవి ఉంటే ఆ సంగతి రెండు సెషన్ల ముందే ఏదో విధంగా కనబడనివ్వండి, ఒక కాపలావాడి కవచంలో బూడిద దొరికినట్టుగానైనా. మామూలుగా చనిపోయినవాళ్లకు బతికించే రివివిఫై మంత్రం ఉంది, కానీ నిమిషంలోపు వేయాలి, 300 గోల్డ్ విలువైన వజ్రాలు ఉండాలి, ఒక్కసారికే అవి కరిగిపోతాయి. సెషన్ ముందురోజు క్లెరిక్ ఆడేవాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి, సంచిలో వజ్రాలు ఎన్ని ఉన్నాయో చూసుకోమని.