పిల్ల కాని గుడ్డు పగలగొట్టి దాణా లోపం పట్టుకోవడం

నాటుకోళ్లు పెంచేవారికి హ్యాచింగ్, అంటే గుడ్ల నుంచి పిల్లలు రావడం తగ్గితే మొదటి అనుమానం పొదిగే మిషన్ మీదే. వేడి, తేమ సరిగ్గా ఉండి, గుడ్లు వేళకు తిరుగుతున్నా పిల్లలు రావడం లేదంటే పెట్టలు తింటున్న దాణా వైపు చూడాలి. 21 రోజులకు పిండానికి కావలసిన విటమిన్లు, ఖనిజాలు అన్నీ గుడ్డు పెట్టేనాటికే అందులో ఉండాలి. తర్వాత బయట నుంచి మనం ఇవ్వగలిగేది ఏమీ లేదు.

ఎక్కువమంది చేసే పొరపాటు బ్రీడర్ పెట్టలకు, అంటే పిల్లల కోసం గుడ్లు పెట్టేవాటికి, లేయర్ దాణా (తినే గుడ్లు పెట్టే కోళ్ల దాణా) పెట్టడం. తినే గుడ్డుకు అది చాలు. గుడ్ల సంఖ్య తగ్గదు, పెట్ట కూడా పుష్టిగానే కనిపిస్తుంది, అందుకే లోపం నెలల తరబడి బయటపడదు.

హ్యాచ్ అయిపోయాక మిగిలిన గుడ్లను పారేయకండి. వెడల్పు కొన దగ్గర పెంకు ఒలిచి, పిండం ఎన్నో రోజున ఆగిందో చూసి, మూడు కుప్పలుగా పెట్టండి. మొదటి వారంలో చనిపోయినవి ఒక కుప్ప. రక్తపు వలయం కనిపిస్తే విటమిన్ ఏ, ఈ లోపం కావచ్చు, కానీ వారం దాటి నిల్వ చేసిన గుడ్లలోనూ ఇదే కనిపిస్తుంది. చివరి మూడు రోజుల్లో చనిపోయినవి ఇంకో కుప్ప. పిల్ల మామూలుగా ఉంటే తేమ, వేడి చూసుకోండి. పైముక్కు చిలక ముక్కులా వంగి, కాళ్లు పొట్టిగా ఉంటే మాంగనీస్ లేదా బయోటిన్ తక్కువైనట్టు.

అసలు సంగతి చెప్పేది మధ్య కుప్పే. 8 నుంచి 14 రోజుల మధ్య మామూలుగా చావులు చాలా తక్కువ. అక్కడ గుడ్లు పోగుపడుతున్నాయంటే నేను ముందు దాణానే అనుమానిస్తాను, అందులోనూ రైబోఫ్లావిన్, అంటే విటమిన్ బి2. ఈ లోపం ఉన్న పిండం పొట్టిగా ఉంటుంది. నూగు విచ్చుకోక చర్మం మీద చిన్న చిన్న ముడుల్లా చుట్టుకుపోతుంది. తాజా గుడ్డు ఒకటి తెల్ల పళ్లెంలో పగలగొట్టి చూసినా కొంత తెలుస్తుంది. తెల్లసొనలో లేత ఆకుపచ్చ కలిసిన పసుపు ఛాయ ఉండాలి, అది రైబోఫ్లావిన్ రంగే. నీళ్లలా వెలవెలబోతే అనుమానించండి.

బయట తిరిగే పెట్టకు ఆకు, పురుగు దొరుకుతాయి. షెడ్డులో కట్టడి చేస్తే అవి పోయినట్టే. మొక్కజొన్న, సోయాలో బి12 ఉండదు. నేల మీద పరిచిన ఊక (లిట్టర్) మీద పెరిగే కోళ్లకు లిట్టర్‌లోని సూక్ష్మజీవుల వల్ల కొంత అందుతుంది, పంజరాల్లో (కేజ్) ఉన్నవాటికి అదీ ఉండదు.

100 కిలోల దాణాకు మొక్కజొన్న 60, సోయా చెక్క 22, నూనె తీసిన తవుడు 7.5, సున్నపురాయి లేదా గుల్ల 8, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 1.5 కిలోలు. మిగిలిన కిలోలో ఉప్పు 350 గ్రాములు, మిథియోనిన్ (ఒక అమైనో ఆమ్లం) 120 గ్రాములు, తక్కినది ప్రీమిక్సులు (విటమిన్లు, ఖనిజాల పొడి మిశ్రమాలు), కోలిన్ (విటమిన్ లాంటి పోషకం), టాక్సిన్ బైండర్ (బూజు విషాలను పట్టి ఉంచే పొడి). ప్రోటీన్ 16 శాతం, కాల్షియం 3.4 శాతం దగ్గర పడతాయి. ప్రీమిక్స్ బ్రీడర్‌దే కొనండి. కిలో దాణాకు రైబోఫ్లావిన్ 10–12 మిల్లీగ్రాములు, విటమిన్ ఈ 60–100 యూనిట్లు, మాంగనీస్ 100, సెలీనియం 0.3 మిల్లీగ్రాములు వచ్చేలా లేబుల్ మీద లెక్క చూడండి. ప్రీమిక్సును ఒకేసారి కుప్ప మీద చల్లితే కొన్ని పెట్టలకే అందుతుంది. ముందు 2 కిలోల మొక్కజొన్న పిండిలో, తర్వాత 10 కిలోల్లో, ఆపైన మొత్తంలో కలపండి. కోలిన్‌ను విటమిన్ల సంచిలో కలిపి నిల్వ చేయవద్దు, విటమిన్లు దెబ్బతింటాయి. కలిపిన దాణా ఎండాకాలంలో రెండు వారాల్లో అయిపోవాలి.

సున్నపురాయిలో సగం 2–4 మిల్లీమీటర్ల రవ్వగా ఉండాలి. పెంకు రాత్రిపూట తయారవుతుంది. మెత్తటి పొడి త్వరగా కరిగిపోతుంది, రవ్వ కందనకాయలో (గిజర్డ్) నిలిచి తెల్లవార్లూ కాల్షియం ఇస్తుంది. పిండం తన ఎముకలకు కాల్షియాన్ని ఈ పెంకు నుంచే తీసుకుంటుంది.

బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క బ్రీడర్లకు వద్దు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం గుడ్డులోకి దిగుతుంది. మిగిలిపోయిన బ్రాయిలర్ దాణా కూడా పెట్టవద్దు. అందులో నికార్బజిన్ (కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు రాకుండా కలిపే మందు) ఉంటే గోధుమరంగు గుడ్లు వెలిసిపోతాయి, హ్యాచింగ్ పడిపోతుంది.

దాణా మార్చిన మర్నాడే ఫలితం చూడకండి. పచ్చసొన పెరగడానికే సుమారు పది రోజులు పడుతుంది. 10వ రోజు తర్వాత పెట్టిన గుడ్ల మీద పెన్సిల్‌తో తేదీ రాసి, విడిగా మిషన్‌లో పెట్టండి. అంటే తేడా కనిపించేది నెల దాటాకే. ఈలోగా వచ్చిన పిల్లల్లో వేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద కూర్చునేవి ఉంటే వెంటనే తాగునీటిలో బి2 ఉన్న బి కాంప్లెక్స్ ఇవ్వండి. మొదటి రోజుల్లో ఇస్తే చాలావరకు లేచి నడుస్తాయి. ఆలస్యమై నరం దెబ్బతింటే ఆ వేళ్లు మళ్లీ తెరుచుకోవు.