సైకిల్‌ను దేశం దాటించడం: హనుమకొండ నుంచి కొన్ని సమస్యలు, వాటి పరిష్కారాలు

మా మేనల్లుడికి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చింది. బట్టలు, పచ్చళ్లు, కుక్కర్ సర్దడం ఒక ఎత్తయితే వాడి సైకిల్ ఇంకో ఎత్తు. రోజూ పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద, సెలవు దొరికితే రామప్ప గుడి దాకా తొక్కిన గేర్ల సైకిల్ అది. "మామా, దాన్ని ఇక్కడ వదిలి పోను" అని కూర్చున్నాడు. సరే, నేను చూసుకుంటానన్నాను. ఆ మాటతో నెల రోజులు తిరిగాను.

తిరిగాక నాకు అర్థమైంది ఒక్కటే. సైకిల్ మనిషి వెంట పోతే లగేజీ, ఒంటరిగా పోతే సరుకు. రేటు, పన్ను, కాగితాలు అన్నీ ఈ ఒక్క తేడాతో మారిపోతాయి. కింద రాసిన తిప్పల్లో చాలా వరకు అది ముందే తెలియక వచ్చినవే.

ఒక మాట ముందే చెబుతాను. పదివేల లోపు మామూలు సైకిల్ అయితే ఈ పని పెట్టుకోవద్దు. ఇక్కడ అమ్మేసి, అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవడం మేలు. తాతల కాలం నల్ల సైకిల్ మీద ప్రేమ ఉంటే అది వేరే సంగతి. దాని 28 x 1½ టైరు సైజు నెదర్లాండ్స్ పాత సైకిళ్లకూ ఉంది కాబట్టి టైరు కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

కిలోల లెక్కన పదివేలన్నారు, టేపు పెట్టి కొలిచాక ముప్పైవేలన్నారు

హనుమకొండలో పచ్చళ్లు, పిండివంటలు విదేశాలకు పంపే కొరియర్ ఆఫీసులు గల్లీకి ఒకటి ఉన్నాయి. ఫోన్ చేస్తే కిలో రేటు చెబుతారు. కిలోకు 600 అనుకుందాం. సైకిల్, పెట్టె కలిపి 17 కిలోలు. ఇంట్లో కూర్చుని గుణిస్తే 10,200 వచ్చింది. సంతోషంగా ఆటోలో వేసుకుని పోయాను. అక్కడ తూకం రాయి జోలికి కూడా పోలేదు, టేపు తీశారు.

కారణం ఏమిటంటే, విమానంలో చోటుకు కూడా ధర ఉంటుంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన సంఖ్య, అసలు బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. మా పెట్టె 140 x 80 x 22. గుణిస్తే 2,46,400. 5000తో భాగిస్తే 49.28, అర కిలోల లెక్కన పైకి సర్దితే 49.5. అంటే 17 కిలోల సైకిల్‌కు 49.5 కిలోల కిరాయి, 29,700 రూపాయలు. పచ్చళ్ల సీసాలు చిన్నగా, బరువుగా ఉంటాయి కాబట్టి వాటి దగ్గర ఈ లెక్క బయటపడదు. సైకిల్ పెట్టెలో సగానికి పైగా ఉండేది గాలే, దానికే మనం డబ్బు కడుతున్నాం.

అందుకే పెట్టెను చిన్నది చేయాలి. సైకిల్ షాపులో కొత్త సైకిల్ వచ్చిన అట్టపెట్టెలో ముందు చక్రం ఒక్కటే విప్పి పెడితే సరిపోతుంది. కానీ రెండు చక్రాలూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కూ, వెనక మడ్‌గార్డూ విప్పి, సీటు గొట్టం తీసి, చక్రాలను ఫ్రేముకు రెండు పక్కలా ఆనించి కట్టిస్తే 115 x 65 x 25 పెట్టెలో ఇముడుతుంది. అప్పుడు లెక్క 37.4, అలాగే పైకి సర్దితే 37.5, అదే రేటుకు 22,500. మెకానిక్‌కు ఐదారు వందలిచ్చి విప్పించుకున్నా ఆరున్నర వేలకు పైగా మిగులుతాయి. ఎయిర్ కార్గోలో నేరుగా బుక్ చేస్తే 5000 బదులు 6000తో భాగించడం రివాజు, ఇంకా కొంత తగ్గుతుంది. అయితే అక్కడ కస్టమ్స్ ఏజెంటు ఖర్చు వచ్చి చేరుతుంది.

పోస్టాఫీసు చవక కదా అని అడిగేవారు ఉంటారు. నేనూ పోయాను. పార్శిల్‌కు పొడవు, చుట్టుకొలత కలిపి 3 మీటర్లు దాటకూడదు. కొన్ని దేశాలకు అంతకన్నా తక్కువే. పెద్ద పెట్టెకు ఆ మొత్తం 344 సెంటీమీటర్లు, కౌంటర్ దగ్గరే తిప్పి పంపుతారు. చిన్న పెట్టెకు 295. కాబట్టి ఫోర్కు విప్పే ఓపిక ఉన్నవాళ్లు హెడ్ పోస్టాఫీసులో ఆ దేశం పేరు చెప్పి సైజు, బరువు పరిమితి రెండూ అడిగి చూడొచ్చు. బరువు చాలా చోట్ల 20 కిలోలకే ఆగుతుంది.

ఎయిర్‌పోర్టులో మన పెట్టెను పక్కన పెట్టి "సార్, మీరు ఆగండి" అన్నారు

చివరికి మేం ఎంచుకున్న దారి ఇదే, సైకిల్‌ను వాడి టికెట్ మీదే లగేజీగా పంపడం. చవకలో దీన్ని మించింది నాకు కనబడలేదు. అయినా కౌంటర్ దగ్గర గొడవలయ్యేది ఎందుకంటే, మామూలు చెకిన్ బ్యాగుకు మూడు కొలతలు కలిపి 158 సెంటీమీటర్లు చాలా ఎయిర్‌లైన్స్ పెట్టిన హద్దు. సైకిల్ పెట్టె కొలతలు కలిపితే 242. "బరువు 23 లోపే ఉంది కదా" అని మనం వాదిస్తాం, వాళ్లు సైజు చూపిస్తారు.

టికెట్ కొనకముందే ఎయిర్‌లైన్ నియమాల్లో "స్పోర్ట్స్ ఎక్విప్‌మెంట్" అన్న చోట చదవండి. కొన్ని సంస్థలు సైకిల్‌ను ఉన్న లగేజీ కోటాలోనే ఒక బ్యాగుగా ఒప్పుకుంటాయి, కొన్ని ఒకే ధర కట్టించుకుంటాయి, కొన్ని సైజుకు వేరే, బరువుకు వేరే వసూలు చేస్తాయి. టికెట్ రెండు వేలు ఎక్కువైనా మొదటి రకం ఎయిర్‌లైనే మొత్తానికి చవక. టికెట్ కొన్నాక ఫోన్ చేసి సైకిల్ సంగతి బుకింగ్‌లో రాయించండి. ఫోన్‌లో "ఓకే సార్" అంటే సరిపోదు, మెయిల్ రావాలి, దాని ప్రింటు చేతిలో ఉండాలి. విమానం మారాల్సి వస్తే మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. వేర్వేరు టికెట్లైతే మధ్యలో రెండో సంస్థ తన నియమం తాను తీస్తుంది. ఇక బరువు ఎంత డబ్బు కట్టినా ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు, కాబట్టి ఖాళీ ఉంది కదా అని సన్నబియ్యం మూటలు అందులో దూర్చొద్దు. మా అక్క దూర్చబోయింది.

వరంగల్ నుంచి శంషాబాద్ దాకా ఆ పెట్టెను చేర్చడం మరో పని. మామూలు కారు డిక్కీలో పట్టదు. వెనక సీట్లు మడిచే పెద్ద బండి మాట్లాడుకుని ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే సిటీ ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. పెద్ద సామాన్లకు వేరే బెల్టు, వేరే ఎక్స్‌రే ఉంటాయి, ఒక గంట ముందుగానే చేరండి.

ఇక్కడ కట్టిన ఓడ కిరాయి కన్నా అక్కడ అడిగింది ఎక్కువ

ఓడలో పంపితే చవకన్న మాట నిజమే, కానీ ఇల్లు మొత్తం సామాను పంపేవాళ్లకు. ఓడలో ఘనపు మీటరు లెక్క. మన పెట్టె పావు ఘనపు మీటరే అయినా మామూలుగా కనీసం ఒక ఘనపు మీటరుకు కట్టించుకుంటారు. పైగా ఇక్కడ చెప్పిన రేటు అవతలి రేవు దాకానే. అక్కడ దింపిన కూలి, గోదాము, కాగితాలు, ఇంటికి చేర్చే బండి అన్నీ విడిగా, వాళ్ల డబ్బుల్లో అడుగుతారు. రేటు అడిగేటప్పుడే "ఇంటి గుమ్మం దాకా, అక్కడి ఛార్జీలన్నీ కలిపి ఎంత?" అని రాతపూర్వకంగా తీసుకోండి. రాసివ్వమంటే నసిగితే ఇంకో ఏజెంటును చూసుకోండి. అదే దేశానికి ఇల్లు మారుతున్న కుటుంబం ఏదైనా తెలిస్తే వాళ్ల సామానులో కలపడం మంచి ఉపాయం.

"వాడిన సైకిలే" అన్నా పన్ను అడుగుతున్నారు

లగేజీ, సరుకు తేడా బాగా కనబడేది ఇక్కడే. యూరోపియన్ యూనియన్‌నే తీసుకోండి. విమానంలో వచ్చిన మనిషి తన వెంట తెచ్చుకున్న వస్తువులకు 430 యూరోల విలువ దాకా పన్ను లేదు. అదే సైకిల్ కొరియర్‌లో వస్తే 2021 జూలై నుంచి మొదటి యూరోకే వ్యాట్ పడుతుంది. విలువ 150 యూరోలు దాటితే కస్టమ్స్ సుంకం కూడా పడుతుంది, సైకిల్ మీద అది మామూలుగా 14 శాతం. జర్మనీలో వ్యాట్ 19 శాతం, దాన్ని సుంకం, రవాణా ఖర్చు కలిపిన మొత్తం మీద వేస్తారు. "గిఫ్ట్" అని రాస్తే తప్పించుకోవచ్చని ఒక పెద్దమనిషి నాకు చెప్పాడు. గిఫ్టుకు హద్దు 45 యూరోలు. మన సైకిల్ దానికి ఎక్కడా అందదు.

అక్కడికి మకాం మార్చేవారికి వేరే దారి ఉంది. అప్పటిదాకా కనీసం 12 నెలలు యూరోపియన్ యూనియన్ బయట ఉండి, ఆ వస్తువును కనీసం 6 నెలలు వాడి ఉంటే, సొంత సామానుగా పన్ను లేకుండా తీసుకుపోవచ్చు. ఆ చట్టంలో సైకిల్‌ను పేరు పెట్టి రాశారు. ఏడాది దాకా దాన్ని అమ్మకూడదు, అద్దెకు ఇవ్వకూడదు. బ్రిటన్‌లోనూ ఇలాంటి సదుపాయం ఉంది, అక్కడ ముందుగా దరఖాస్తు పెట్టి నంబరు తెచ్చుకోవాలి.

ఇవన్నీ కాగితం మీద చూపించాలి. కొన్న బిల్లు, పెడల్ గొట్టం కింద చెక్కిన ఫ్రేమ్ నంబరు ఫొటో, తేదీలతో పాత ఫొటోలు, ఉద్యోగ ఉత్తరువు ఒక ఫైల్‌లో పెట్టండి. బిల్లు దొరక్కపోతే షాపువాళ్లను డూప్లికేట్ అడగండి, చాలామంది ఇస్తారు. విలువ మరీ తక్కువ రాయకండి, పెట్టె పోతే బీమా వాళ్లు ఇచ్చేదీ అంతే.

కొన్నాళ్లకు సైకిల్‌తో సహా తిరిగి రావాలనుకునేవాళ్లు శంషాబాద్‌లో పెట్టె బెల్టు మీద వేయకముందే కస్టమ్స్ వారికి చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకపోతే, వచ్చేటప్పుడు ఇది మన దగ్గర కొన్నదేనని వాదించాల్సి వస్తుంది.

అవతల పెట్టె తెరిచి, మట్టి ఉందని ఆపేశారు

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లకు ఇది తప్పదు. బయటి మట్టి, గింజలు, గడ్డి లోపలికి రానివ్వరు. మన నల్లరేగడి సంగతి తెలిసిందే, ఒకసారి మడ్‌గార్డ్ సందులో ఎండితే గోరుతో గీకినా రాదు. ముందు రోజు టైరు గాళ్లు, చైన్, పెడల్ సందులు పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి కడిగి ఆరబెట్టండి. పెట్టెలో కదలకుండా వరిగడ్డి కుక్కడం మనకు అలవాటు, అది అసలే వద్దు. పాత బట్టలు, బబుల్ షీట్ చాలు. గట్టిగా ఉంటుందని చెక్కపెట్టె చేయిస్తే ఆ చెక్కను వేడిచేసి శుద్ధి చేసిన ముద్ర ఉండాలి, లేకపోతే చాలా దేశాల్లో ఆపుతారు. అట్టపెట్టెకు, ప్లైవుడ్‌కు ఈ బాధ లేదు.

బ్యాటరీ సైకిల్‌ను ఎవరూ తీసుకోవడం లేదు

36 వోల్టుల 10 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 360 వాట్ అవర్. ప్రయాణికుల లగేజీలో లిథియం బ్యాటరీకి 160 దాటితే చోటే లేదు. అందుకే తీసుకోరు. బ్యాటరీని ఇక్కడే ఉంచేసి సైకిల్ ఒక్కటే పంపండి, అక్కడ సరిపోయే బ్యాటరీ దొరుకుతుందా అన్నది పంపకముందే చూసుకోండి. ప్రమాదకర సరుకుగా కార్గోలో పంపొచ్చు గానీ అది మన జేబుకు అందేది కాదు. చైన్ ఆయిల్ స్ప్రే డబ్బాలు కూడా పెట్టెలో పెట్టొద్దు.

రైల్లో మనం దిగాం, సైకిల్ దిగలేదు

నేపాల్ తొక్కివద్దామనుకునే కుర్రాళ్ల కోసం ఇది. సరిహద్దు దాకా రైల్లో, ఆ తర్వాత సొంత కాళ్ల మీద పోతే సైకిల్‌ను దేశం దాటించే అతి చవకైన దారి ఇదే. గోరఖ్‌పూర్‌లో దిగితే సోనౌలి సరిహద్దు వంద కిలోమీటర్ల లోపే. మనకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు.

సైకిల్ వెనకబడేది ఎందుకంటే, దాన్ని పార్శిల్‌గా బుక్ చేస్తారు. పార్శిల్ చోటున్న రైల్లో పోతుంది. పార్శిల్ ఆఫీసులో మీ టికెట్ చూపించి "లగేజీగా, ఇదే రైలు బ్రేక్ వ్యానులో" (అంటే సామాన్లు వేసే పెట్టెలో) అని బుక్ చేయించండి. వరంగల్‌లో చాలా రైళ్లు రెండు నిమిషాలే ఆగుతాయి, ఆలోపు ఎక్కించకపోతే అంతే. కాజీపేటలో అయినా సరే కూలీతో ముందే మాట్లాడి వ్యాన్ ఆగే చోట నిలబడాలి. కుదిరితే రైలు బయల్దేరే స్టేషన్ నుంచే ఎక్కించండి. తిరుగు ప్రయాణానికి సైకిల్ బిల్లు నకలు జేబులో ఉంచుకోండి.

పెట్టె వచ్చింది, సైకిల్ వంకర పోయింది

ఎక్కువగా విరిగేది వెనక గేరు పట్టుకునే చిన్న కొక్కెం. పెట్టె ఆ పక్కకు పడితే దాని మీదే బరువంతా పడుతుంది. ఆ కొక్కేనికి వేలాడే, చైన్‌ను గేర్ల మీద మార్చే డిరైలర్‌ను ఎలెన్ కీతో విప్పి, గుడ్డ చుట్టి ఫ్రేము లోపలికి కట్టేయండి. ఆ కొక్కెం ఒకటి స్పేర్‌గా పెట్టుకోండి, ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం కాబట్టి అక్కడ దొరకదు. చక్రం తీసిన ఫోర్కు చివర్ల మధ్య ప్లాస్టిక్ ముక్క ఇరికించాలి, షాపులో పడేసేవి అడిగితే ఇస్తారు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య మడిచిన అట్ట పెట్టండి. చక్రం లేనప్పుడు ఎవరైనా బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరకు వచ్చి బిగుసుకుపోతాయి.

ఇంత చేసినా విరిగితే ఎయిర్‌పోర్టు బయటికి రాకముందే లగేజీ కౌంటర్‌లో రాయించి కాగితం తీసుకోండి. పాడైన లగేజీకి రాతపూర్వక ఫిర్యాదు 7 రోజుల్లోపు ఇవ్వాలి, ఆలస్యంగా వచ్చినదానికి 21 రోజులు, కార్గోలో పంపి పాడైతే 14. అంతర్జాతీయ ప్రయాణాల్లో లగేజీకి ఎయిర్‌లైన్ బాధ్యత ఎంత ఖరీదైన సైకిలైనా 1,519 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్ల) దాకానే. అంతకన్నా విలువైనదైతే బీమా చేయించాలి.

మావాడి సైకిల్ గీత కూడా పడకుండా చేరింది. కానీ ఆ రాత్రి పదకొండింటికి వీడియో కాల్ చేసి, "మామా, ఒక పెడల్ ఎంత తిప్పినా ఎక్కుతలేదు, మర పాడైనట్టుంది" అన్నాడు. 15 పానా పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. "ఏ పక్కది రా?" అన్నాను. ఎడమ పక్కది. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, కుడివైపుకు కాదు, ఎడమవైపుకు తిప్పితే బిగుస్తుంది. ఇక్కడ విప్పేటప్పుడు మెకానిక్ ఆ మాట చెబుతుంటే వీడు ఫోన్ చూసుకుంటున్నాడు.