బ్రోమిన్ సీసా తెరిచే ముందు

హనుమకొండ ల్యాబుల్లో ఏప్రిల్, మే నెలల్లో బ్రోమిన్ సీసాను నేరుగా తెరవొద్దు. 59 డిగ్రీల దగ్గరే మరిగే ద్రవం కాబట్టి వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది. అరగంట ఐసు నీళ్లలో పెట్టి, బయటి తడి తుడిచి, ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని ఫ్యానుతో బయటికి లాగేసే గూడు) మూత మెల్లగా తిప్పాలి.

• కరెంటు పోతే హుడ్ ఆగిపోతుంది. జనరేటర్ లేకపోతే ఆ రోజుకు ఆ పని వద్దు.

• 10 శాతం సోడియం థయోసల్ఫేట్ ద్రావణం అర లీటరు, తెరవకముందే పక్కన ఉండాలి. ఒలికిన బ్రోమిన్ దానితోనే విరుగుతుంది.

• ల్యాబుల్లో వాడే మామూలు నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లౌజులను నమ్మొద్దు, బ్రోమిన్ త్వరగా దూరిపోతుంది. రెండు జతలు వేసుకుని, చుక్క పడగానే పైది తీసేయాలి.

• డ్రాపర్ నుంచి బ్రోమిన్ దానంతట అదే కారుతుంది: మిల్లీలీటరు 3.1 గ్రాముల బరువు, పైగా ఆవిరి తోస్తుంది. ముందు రెండుసార్లు ఆవిరిని డ్రాపర్‌లోకి లాగి వదిలి, తర్వాతే ద్రవం తీయాలి. బీకరు సీసాకు ఆనుకునే ఉండాలి.

• బ్రోమిన్ తగిలిన గాజు సామాను ఎసిటోన్‌తో కడగొద్దు. కళ్లు మండించే బ్రోమోఎసిటోన్ తయారవుతుంది. అలా కడగడం చాలామంది చేసే పనే.

• చర్మంపై పడితే వెంటనే 15 నిమిషాలు ధారగా నీళ్లు. ఆవిరి పీలిస్తే దగ్గు తగ్గినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లో నీరు గంటల తర్వాత చేరవచ్చు.