ఉద్యమం వీధికెక్కేముందు: ఫోన్లు, గ్రూపులు, వీడియోల విషయంలో జాగ్రత్తలు

ఎన్నికలు దగ్గరపడ్డప్పుడు, కస్టడీలో ఎవరో చనిపోయారన్న వార్త పొక్కినప్పుడు, ఒక కొత్త చట్టం జనాన్ని రోడ్డు మీదికి తెచ్చినప్పుడు ఫోన్లు ఆగకుండా మోగుతాయి. అప్పుడు సెట్టింగులు వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. కింద చెప్పినవాటిలో చాలాభాగం కనీసం వారం ముందే చేసి పెట్టుకోవాల్సిన పనులు.

సోషల్ మీడియాకున్న బలం చిన్నది కాదు. 2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు పోలీసుల మొదటి ప్రకటన దాన్ని వైద్యపరమైన ఘటనగా చెప్పింది. అక్కడే నిలబడి చూసిన 17 ఏళ్ల అమ్మాయి తీసిన వీడియో ఆ ప్రకటనను నిలవనివ్వలేదు. 2025 సెప్టెంబరులో నేపాల్ ప్రభుత్వం 26 సోషల్ మీడియా వేదికలను నిలిపేసింది. అవినీతి మీద అప్పటికే రగులుతున్న కోపం దానికి తోడై, కొద్ది రోజుల్లోనే ప్రధాని రాజీనామా చేయాల్సి వచ్చింది. కానీ జనాన్ని ఒకచోటికి చేర్చే గ్రూపే ఎవరెవరు వచ్చారో చెప్పే జాబితా కూడా. మీ ఏమరుపాటుకు ముందుగా బలయ్యేది చాలాసార్లు మీరు కాదు. మీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్లు, మీ వీడియోలో వెనక నిలబడ్డవాళ్లు. ప్రతి జాగ్రత్తా వాళ్లను దృష్టిలో పెట్టుకుని తీసుకోవాలి.

వారం ముందు: ఖాతాలు, తాళాలు

2011 జనవరి మొదట్లో ట్యునీషియాలో ఫేస్‌బుక్ లాగిన్ పేజీల్లోకే దొంగ కోడ్ చొప్పించి పాస్‌వర్డులు లాగేశారు. అప్పట్నుంచి వెబ్‌సైట్ల భద్రత మెరుగుపడింది గానీ, ఖాతా దొంగిలించి దాని యజమాని పేరుతోనే తప్పుడు పోస్టులు పెట్టడం మాత్రం ఆగలేదు. ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్, దానిపైన రెండో దశ ధ్రువీకరణ పెట్టండి. రెండో దశ కోడ్ ఎస్సెమ్మెస్‌లో కాకుండా, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చేలా చూసుకోండి. సిమ్ కార్డును మీ పేరుతో ఇంకొకరు తీసుకోగలిగితే ఎస్సెమ్మెస్ కోడ్లన్నీ వాళ్లకే పోతాయి. వాట్సాప్‌లో 6 అంకెల పిన్, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో రిజిస్ట్రేషన్ లాక్ ఇలాంటి దొంగతనాన్నే అడ్డుకుంటాయి. పనిలో పనిగా వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, టెలిగ్రామ్‌లో డివైసెస్ తెరిచి చూడండి. గుర్తుపట్టలేని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే వెంటనే లాగౌట్ చేయండి.

ఫోన్ తాళం 4 అంకెలైతే మొత్తం 10,000 అవకాశాలే. 6 అంకెలకు 10 లక్షలు. అక్షరాలు కూడా కలిపితే ఇంకా మంచిది. వేలిముద్ర, ముఖంతో తెరుచుకునే సౌకర్యాన్ని ఇంటి నుంచి బయల్దేరేముందే తీసేయండి. మీ వేలిని బలవంతంగా ఫోన్ మీద పెట్టించవచ్చు, మీ మనసులోని అంకెలను అలా లాక్కోలేరు. తీసేయడం మరిచిపోయారా? ఐఫోన్‌లో పక్క బటన్‌నూ వాల్యూమ్ బటన్‌నూ కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ తర్వాత పాస్‌కోడ్ అడుగుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలో అదే పని చేసే లాక్‌డౌన్ ఉంటుంది. వీటన్నిటికన్నా గట్టిది ఫోన్‌ను పూర్తిగా ఆపేయడం. ఆన్ చేశాక మొదటిసారి పాస్‌కోడ్ కొట్టేదాకా లోపలి సమాచారంలో ఎక్కువ భాగానికి తాళం తెరుచుకోదు. అందుకే ఆపి ఉన్న ఫోన్ నుంచి సమాచారం లాగడం, ఆన్ చేసి జేబులో ఉన్న ఫోన్ నుంచి లాగడం కన్నా చాలా కష్టం.

లొకేషన్ ఆఫ్ చేస్తే ఎక్కడున్నారో తెలియదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ బటన్ యాప్‌లను ఆపుతుంది గానీ టవర్లను ఆపదు. సిమ్ పనిచేస్తున్నంతసేపూ మీరు ఏ టవర్ పరిధిలో ఉన్నారో కంపెనీ రికార్డుల్లో పడుతూనే ఉంటుంది. చెప్పుకోదగ్గ ప్రమాదం ఉన్న చోటికి రోజూ వాడే ఫోన్ తీసుకెళ్లకండి. తప్పదంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుని, అవసరమైనప్పుడే తీయండి. ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో 2జీని ఆపేసే వీలుంది. దొంగ టవర్లు ఫోన్లను పాత 2జీకి దింపి వాటి బలహీనతల్ని వాడుకుంటాయి కాబట్టి అది ఆపేసి ఉంచండి.

గ్రూపులు

టెలిగ్రామ్‌లో మామూలు చాట్లకు, గ్రూపులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మాట్లాడుకునేవాళ్లు తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని ఏర్పాటు) లేదు. సీక్రెట్ చాట్‌కు మాత్రమే ఉంది, అది ఇద్దరి మధ్యే పనిచేస్తుంది. వాట్సాప్ గ్రూపులో సందేశాలకు ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, కానీ సభ్యులందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. వందలమంది ఉన్న గ్రూపులోకి ఒక వేగు చేరితే చాలు, ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు. కాబట్టి పెద్ద గ్రూపును బహిరంగ సభ అనుకునే మాట్లాడండి. బహిరంగ ప్రకటనలకు నంబర్లు బయటపడని ఛానెల్ వాడండి. ఎవరు ఎక్కడుంటారు, గాయపడ్డవాళ్లను ఎవరు తీసుకెళ్తారు వంటివి ముఖాముఖి తెలిసిన ఐదారుగురి సిగ్నల్ గ్రూపులోనే ఉండాలి. 2024 నుంచి సిగ్నల్‌లో నంబర్ దాచి యూజర్‌నేమ్‌తో కలిసే వీలుంది.

2019లో హాంకాంగ్ ఉద్యమంలో ఒక లొసుగు బయటపడింది. వరుసగా వేల నంబర్లను ఫోన్‌బుక్‌లోకి ఎక్కించి, టెలిగ్రామ్ గ్రూపుల్లో మారుపేర్లతో ఉన్నవాళ్ల అసలు నంబర్లు పట్టుకోవచ్చని తేలింది. టెలిగ్రామ్ తర్వాత సెట్టింగ్ మార్చింది, కానీ దాన్ని ఎవరికి వారు ఆన్ చేసుకోవాలి. ఫోన్ నంబర్ ఎవరికి కనిపించాలన్న చోట నోబడీ పెట్టండి. దాని కిందే, నంబర్‌తో నన్ను ఎవరు వెతకవచ్చన్న ప్రశ్న వస్తుంది. అక్కడ మై కాంటాక్ట్స్ ఎంచుకోండి. మొదటిది మార్చి రెండోది వదిలేస్తే పని సగమే అయినట్టు.

మాయమయ్యే సందేశాలను ముందే ఆన్ చేయండి. వాట్సాప్‌లో 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని ఉంటాయి. ప్రణాళికల గ్రూపుకు 24 గంటలు చాలు. దీన్ని అరెస్టు అయ్యాక గుర్తుచేసుకుంటే లాభం లేదు. కేసు మొదలయ్యాక సమాచారం చెరిపేయడం చాలా దేశాల్లో నేరం. ఇంకో మాట. చాట్ బ్యాకప్ క్లౌడ్‌లోకి ఎన్‌క్రిప్షన్ లేకుండా పోతుంటే ఫోన్‌లో పెట్టుకున్న జాగ్రత్త అక్కడ పనికిరాదు. వాట్సాప్ 2021 నుంచి బ్యాకప్‌కూ ఎన్‌క్రిప్షన్ ఇస్తోంది, కానీ దాన్ని మీరే ఆన్ చేయాలి.

పేజీకి ఒక్కరే అడ్మిన్‌గా ఉండకండి. ఈజిప్టులో పోలీసుల చేతిలో చనిపోయిన యువకుడి పేరుతో నడిచిన 'మేమంతా ఖాలిద్ సయీద్' ఫేస్‌బుక్ పేజీ 2010 నవంబరులో, పార్లమెంటు ఎన్నికలకు ముందు, మూతపడింది. అడ్మిన్ మారుపేరు వాడాడన్నది కారణం. దేశం బయట ఉన్న ఒక వ్యక్తి అసలు పేరుతో బాధ్యత తీసుకున్నాక అది తిరిగి వచ్చింది. ఇద్దరు ముగ్గురు అడ్మిన్లు, వాళ్లలో ఒకరైనా వేరే ఊళ్లోనో దేశంలోనో ఉండడం, పేజీలోని ముఖ్యమైన పోస్టుల ప్రతి వేరే చోట దాచుకోవడం తప్పనిసరి.

వీడియో తీసేటప్పుడు

వైరల్ కావడానికీ సాక్ష్యంగా నిలబడడానికీ కావాల్సినవి వేరు. 2017 ఆగస్టులో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు లిబియా కమాండర్ మహ్మూద్ అల్ వెర్ఫల్లీ మీద జారీ చేసిన వారెంట్‌కు సోషల్ మీడియాలో తిరిగిన వీడియోలే ముఖ్య ఆధారం. అదే నెలలో యూట్యూబ్ కొత్తగా పెట్టిన యంత్ర వడపోత సిరియా యుద్ధ వీడియోలను హింసాత్మకమని పెద్దసంఖ్యలో తొలగించింది. వాటిలో హక్కుల సంఘాలు భద్రపరుస్తున్న ఆధారాలూ ఉన్నాయి. అప్‌లోడ్ చేశాం కదా, భద్రంగా ఉంటుందనుకోకూడదు.

ఫోన్‌ను అడ్డంగా పట్టుకోండి. ముందు దూరం నుంచి మొత్తం దృశ్యం, తర్వాత దగ్గరి దృశ్యం. ఒక్కో దృశ్యం మీద కనీసం 10 సెకన్లు కదలకుండా నిలపండి. గాబరాలో కెమెరాను అటూ ఇటూ తిప్పితే ఏ ఫ్రేమూ స్పష్టంగా దొరకదు. ఒకసారి నిదానంగా చుట్టూ తిప్పి, మారని గుర్తులను పట్టండి: గోపురం, కొండ అంచు, బోర్డు మీది అక్షరాలు, వీధి దీపాల వరస. నిర్ధారించేవాళ్లు వీటిని ఉపగ్రహ చిత్రాలతో పోల్చి స్థలం తేలుస్తారు, నీడ పడిన దిక్కును బట్టి సమయం లెక్కగడతారు. భుజం మీది బిళ్లలు, వాహనాల నంబర్లు, నేల మీద పడ్డ తూటా తొడుగులు దగ్గరగా తీయండి, కానీ వేటినీ తాకకండి, కదపకండి. ప్రమాదం లేకపోతే తేదీ, సమయం, చోటు గొంతుతో చెప్పండి. అభిప్రాయాలు, నినాదాలు ఆ రికార్డులో వద్దు. జరుగుతున్నదాన్ని కత్తిరింపు లేకుండా చివరిదాకా తీయడం ముఖ్యం. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టిన వీడియోలో, ఆ ఖాళీలో ఏం జరిగిందన్న ప్రశ్న కోర్టులో మొదట వస్తుంది.

అసలు ఫైలును ముట్టుకోకండి. పేరు మార్చడం, కత్తిరించడం, ఫిల్టర్ వేయడం, ఏది చేయాలన్నా నకలు మీదే. కేబుల్‌తో రెండు వేర్వేరు చోట్లకు కాపీ చేయండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించుకుపోతుంది, తీసిన సమయం, చోటు వంటి మెటాడేటా పోతుంది. అసలుది పంపాలంటే డాక్యుమెంట్‌గా జతచేయాలి. వీలైతే ఆ రోజే ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్రలాంటి కోడ్) తీసి, నమ్మకమైన లాయరుకో సంఘానికో పంపి ఉంచండి. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ హ్యాష్ మారిపోతుంది కాబట్టి, తర్వాత ఎవరూ దాన్ని మార్చలేదని చూపించగలుగుతారు.

లైవ్ విషయంలో మా అభిప్రాయం గట్టిది. లైవ్‌లో ముఖాలు చెరిపే అవకాశం లేదు, ఎవరు ఏ సందులోకి పరుగెత్తారో వెంటపడేవాళ్లకు చెప్పినట్టవుతుంది. ఫోన్ లాక్కుంటారన్న భయం ఉండి, ఆ రికార్డు వెంటనే బయటికి పోవాల్సిన చోట మాత్రమే లైవ్ పెట్టండి. అప్పుడు కూడా కెమెరా దెబ్బలు కొట్టేవాళ్ల మీద ఉండాలి, పారిపోయేవాళ్ల మీద కాదు.

పోస్ట్ చేసేముందు ముఖాలు కప్పండి. మసకబార్చడం, గళ్లుగళ్లుగా చేయడం కొన్నిసార్లు వెనక్కి తిప్పగలిగేవే, అందుకే నిండు నల్ల పట్టీ నయం. ముఖం ఒక్కటే కప్పితే సరిపోదు. పచ్చబొట్టు, చొక్కా, చెప్పులు, నడక, గొంతు కూడా మనిషిని పట్టిస్తాయి. కప్పిన ఫోటోకు స్క్రీన్‌షాట్ తీసి దాన్నే పోస్ట్ చేస్తే కెమెరా రాసిన లొకేషన్ వివరాలు దానితో వెళ్లవు. పిల్లలు, లైంగిక హింసకు గురైనవాళ్లు కనిపించే వీడియోను పోస్ట్ చేయనే వద్దు. అది చేరాల్సింది లాయరుకు.

ఆన్‌లైన్‌లో కనిపించిన హింసను, బెదిరింపును ముందు భద్రపరచి తర్వాతే రిపోర్ట్ కొట్టండి. రిపోర్ట్ ఫలిస్తే పోస్ట్ మాయమవుతుంది, దానితోపాటు సాక్ష్యమూ పోతుంది. స్క్రీన్‌షాట్ ఒక్కటే బలహీనం. పూర్తి లింకు, ఖాతా పేరు, మీరు చూసిన తేదీ, సమయం రాసిపెట్టి, వీలైతే పేజీని, వెబ్ పేజీల ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సేవ్ చేయండి.

నెట్ ఆగిపోతే

2011 జనవరి 28 తెల్లవారేసరికి ఈజిప్టులో దాదాపు ఇంటర్నెట్ అంతా ఆగిపోయింది, ఫిబ్రవరి 2న తిరిగి వచ్చింది. ఆ రోజుల్లో విదేశీ నంబరుకు ఫోన్ చేసి మాట్లాడితే ఆ మాట ట్విట్టర్‌లో పోస్టయ్యే ఏర్పాటు గూగుల్ చేసింది, ల్యాండ్‌లైన్లు పనిచేయడం వల్లే అది సాధ్యమైంది. 2024 జులైలో బంగ్లాదేశ్‌లోనూ రోజులపాటు నెట్ లేదు.

కొన్ని సైట్లనే అడ్డుకున్నప్పుడు వీపీఎన్, టార్ బ్రిడ్జిలు, వాట్సాప్, సిగ్నల్ ప్రాక్సీలు వంటి, మీ కనెక్షన్‌ను వేరే సర్వర్ల మీదుగా తిప్పే మార్గాలు పనిచేస్తాయి. నెట్ మొత్తం తీసేస్తే ఇవేవీ పనిచేయవు. రెండు వేర్వేరు వీపీఎన్‌లు ముందే దించుకోండి, ఆ రోజుకు యాప్ స్టోరే తెరుచుకోకపోవచ్చు. ఊరి మ్యాప్ ఆఫ్‌లైన్‌లో ఉంచుకోండి. లాయరు, ఆసుపత్రి, ఇంటి నంబర్లు కాగితం మీదా చేతి మీదా రాసుకోండి. బ్లూటూత్‌తో నడిచే ఆండ్రాయిడ్ యాప్ బ్రయర్ దగ్గరలో ఉన్నవాళ్ల మధ్య పనికొస్తుంది. ఇలాంటి యాప్ ఏదైనా పేరు విని నమ్మకండి. ఉద్యమాల్లో బాగా వాడుకలోకి వచ్చిన బ్రిడ్జ్‌ఫైలో తీవ్రమైన లోపాలున్నాయని 2020లో లండన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టారు. మామూలు ఎస్సెమ్మెస్, కాల్ టెలికాం కంపెనీకి కనిపిస్తాయి. క్షేమంగా ఉన్నామని చెప్పడానికి వాడండి, పేర్లు చెప్పడానికి కాదు.

పుకార్లు

ఉద్రిక్తత పెరిగిన మొదటి గంటల్లో పాత వీడియో కొత్త పేరుతో రావడం దాదాపు ఖాయం. మయన్మార్‌లో రోహింగ్యాల మీద ద్వేషం వ్యాపించడంలో ఫేస్‌బుక్ పాత్ర ఉందని 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం తేల్చింది. పుకారు ఎంతమంది ప్రాణాల మీదికి తెస్తుందో ఆ దేశం చూసింది. వీడియో నుంచి రెండు మూడు ఫ్రేములు తీసి రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (బొమ్మ ఇస్తే అది ఇంతకుముందు నెట్‌లో ఎక్కడ వచ్చిందో చూపేది) వెతకండి. బోర్డుల మీద భాష, వాహనాల నంబర్లు, వాన, ఎండ చెప్పిన చోటికీ రోజుకీ సరిపోతున్నాయా చూడండి. ఎక్కడిదో చెప్పలేని వీడియోను, పంపినవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా, ముందుకు పంపకండి. పొరపాటున పంపితే గుట్టుగా చెరిపేయకండి. ఎక్కడెక్కడికి పంపారో అక్కడల్లా సవరణ పెట్టండి, లేకపోతే అప్పటికే చూసినవాళ్లకు అది నిజంగానే మిగిలిపోతుంది.

ఎవరినైనా పట్టుకెళ్తే

ఇంటికి చేరే సమయాన్ని ఒకరికి ముందే చెప్పి ఉంచండి. ఆ సమయం దాటి అనుకున్నంతసేపు గడిచినా కబురు రాకపోతే లాయరుకు ఫోన్ వెళ్లాలి. పట్టుబడ్డవారి ఫోన్ తెరిచి ఉందనే అనుకుని, వారి నంబర్‌ను అన్ని గ్రూపుల నుంచీ అడ్మిన్ వెంటనే తీసేయాలి. వారిని అనుమానించి కాదు, మిగతావాళ్ల కోసం. పేరు, ఫోటో బయటపెట్టి విడుదల కోరాలా వద్దా అన్నది ఇంటివాళ్లు, లాయరు తేల్చాలి. కొన్నిచోట్ల ప్రచారం ప్రాణం కాపాడుతుంది, కొన్నిచోట్ల కేసును బిగిస్తుంది.

ఫోన్ తిరిగి చేతికొచ్చినా దాన్ని నమ్మకండి. అందులో నుంచి ఏ ఖాతాలోకీ లాగిన్ కావద్దు. వేరే పరికరం నుంచి పాస్‌వర్డులన్నీ మార్చి, పాత లాగిన్లన్నీ తీసేయండి. లోపల ఏదైనా పెట్టారేమో పరీక్ష చేయించాలనుకుంటే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టకుండా, ఆపేసి, అలాగే నిపుణుల చేతికి ఇవ్వండి. రీసెట్ చేస్తే ఆ జాడలూ పోతాయి.