ఫోన్ తోడుగా కోలుకుందాం – 3వ పాఠం: రోజుకో లైను

క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయ్యాక కోలుకుంటున్నవాళ్ళ కోసం రాస్తున్న పాఠాలివి. మొదటి పాఠంలో రిపోర్టులన్నీ స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాం, రెండో పాఠంలో మందులకి అలారాలు పెట్టుకున్నాం. ముందుకెళ్ళే ముందు ఆ అలారాల సంగతి ఒకసారి చూసుకోండి. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం, మనం కొద్దిరోజులు తెరవని యాప్‌ని తమంతట తామే ఆపేస్తాయి. అప్పుడు మందుల యాప్ మోగడం మానేస్తుంది, మానేసిందని మనకి తెలియను కూడా తెలియదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్ళి, ఆ యాప్ పేరు నొక్కి, బ్యాటరీ అన్నచోట ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. కొన్ని ఫోన్లలో ఈ మాట కొంచెం వేరేగా ఉంటుంది కానీ చోటు మాత్రం దాదాపు అదే. రొమ్ము క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చే టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి మాత్రలు ఐదేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువే వేసుకోవాల్సి వస్తుంది కాబట్టి దీన్ని వాయిదా వేయకండి.

ఇక ఇవాళ్టి పని: ఒంట్లో ఎలా ఉందో రోజూ ఒక్క లైను రాయడం.

ట్రీట్‌మెంట్ అయిపోయాక చెకప్‌లు నెలల తేడాతో ఉంటాయి. వెళ్ళినరోజు పొద్దున్నించి లైన్లో కూర్చుని, తీరా లోపలికి వెళ్ళాక డాక్టరుగారు ‘ఎలా ఉన్నారమ్మా?’ అంటే ‘బానే ఉన్నానండీ’ అనేసి వచ్చేస్తాం. అది అబద్ధం కాదు, ఆరోజు బాగానే ఉండి ఉంటుంది. కానీ అంతకుముందు నెలలో పదిరోజులపాటు నిద్రపట్టలేదన్నది, అరికాళ్ళు మొద్దుబారుతున్నాయన్నది ఆ క్షణంలో గుర్తురాదు, ఇంటికొచ్చాక గుర్తొస్తుంది. పక్కనున్నవాళ్ళు గుర్తుచేయబోతే ‘ఇంత చిన్నదానికి డాక్టరుగారిని విసిగించడమెందుకు’ అని మనమే ఆపేస్తాం కూడా.

రాసిపెట్టి చెప్పడం వల్ల ఎంత లాభమో చూపించిన పరిశోధన ఒకటుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో, క్యాన్సర్ వేరే అవయవాలకి పాకి కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు తమ బాధల్ని ఎప్పటికప్పుడు కంప్యూటర్లో నమోదు చేసేవాళ్ళు, ఏదైనా ముదిరితే వెంటనే నర్సుకి ఈమెయిల్ వెళ్ళేది. రెండో గుంపుకి మామూలు వైద్యమే. 2017లో వచ్చిన ఫలితాల్లో నమోదు చేసినవాళ్ళ ఆయుష్షు మధ్యస్థంగా 31 నెలలు, మిగతావాళ్ళది 26. వాళ్ళు జబ్బు ముదిరినవాళ్ళు, ట్రీట్‌మెంట్ పూర్తయిన మనకి ఆ అంకెలు అలాగే వర్తించవు. మనం పట్టుకోవాల్సింది ఇంకొకటి: అక్కడ రాసినదాన్ని చూసే నర్సు ఒకరున్నారు. ఎవరూ చూడని డైరీ ఎంత అందంగా ఉన్నా దానివల్ల ఒరిగేది తక్కువ. అందుకే మీ ఆసుపత్రికి సొంత యాప్ ఉండి, అందులో రాసింది నర్సుగానీ డాక్టర్‌గానీ చూస్తారని వాళ్ళే చెబితే, ఇంక ఆలోచించకుండా అందులోనే రాయండి.

లేకపోతే? ప్లే స్టోర్‌లో క్యాన్సర్ అని కొడితే బోలెడు యాప్‌లు వస్తాయి. చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులిచ్చేసరికి నీరసం వస్తుంది, కొన్నయితే మొదటివారం తర్వాత డబ్బు కట్టమంటాయి. నా మాట వింటే మామూలు నోట్స్ యాప్ చాలు, గూగుల్ కీప్ అయినా సరే, మీ ఫోన్‌తో వచ్చినదైనా సరే. కొత్త నోట్ తెరిచి, నెల పేరు పెట్టి, పైన పిన్ చేసుకోండి. టైప్ చేయడం కష్టమైతే కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చుకుని మైక్ గుర్తు నొక్కి మాట్లాడండి, అదే రాసుకుంటుంది. మందుల పేర్లు, అంకెలు మాత్రం ఒకసారి సరిచూసుకోండి, వాటి దగ్గర ఎక్కువ తప్పులు పోతాయి.

లైను ఎలా ఉండాలో చూడండి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆక్సాలిప్లాటిన్ కీమో అయినవాళ్ళ నోట్ ఇలా ఉండొచ్చు:

‘12వ తేదీ. నీరసం 6. మధ్యాహ్నం గంటన్నర పడుకున్నా తగ్గలేదు. కాళ్ళ తిమ్మిరి 5, ఎడమకాలి చెప్పు జారిపోయినా తెలియలేదు. విరోచనాలు 4 సార్లు. నిద్ర 5 గంటలు.’

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చే మాట చెప్పు జారిపోవడం. తిమ్మిరి 5 అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, చెప్పు జారినా తెలియలేదంటే మాత్రం పడిపోయే ప్రమాదం ఉందని డాక్టరుకి వెంటనే అర్థమవుతుంది. అంకెతోపాటు ఆరోజు ఆ బాధ వల్ల ఏ పని చెడిందో రాయండి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను, మెట్లెక్కుతూ మధ్యలో ఆగాను, పూజ దగ్గర కింద కూర్చుని లేవలేకపోయాను, ఇలా.

అంకెల సంగతి. సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఊహించగలిగినంత ఎక్కువ. మధ్యలో ఉన్నవాటికి మీ ఇంటి కొలత పెట్టుకోండి, లేకపోతే నిన్నటి 5, ఇవాళ్టి 5 ఒకటి కావు. మా పెద్దమ్మ ‘నీరసం 5 అంటే కూర తాలింపు వేసేంతసేపు కూడా నిలబడలేకపోవడం’ అని నోట్ పైన రాయించుకుంది, నాకది చాలా నచ్చింది. నీరసం గానీ, మనసులో దిగులు, టెన్షన్ గానీ 4, ఆపైన చాలారోజులు ఉంటే దానిగురించి అడిగి తీరాలి. ట్రీట్‌మెంట్ తర్వాత నీరసం ఎలాగూ ఉంటుందిలే అని వదిలేయకండి. దాని వెనక రక్తం తక్కువవడమో, థైరాయిడో, నిద్రలేమో ఉండొచ్చు, వాటికి వైద్యం ఉంది.

అందరూ అన్నీ రాయక్కర్లేదు, మూడు నాలుగు చాలు. రొమ్ము క్యాన్సర్‌కి చంకలో గడ్డలు తీసినవాళ్ళు నెలకోసారి టేపుతో రెండు చేతులూ కొలవండి, మోచేతికి 10 సెంటీమీటర్లు పైన, 10 సెంటీమీటర్లు కింద. ప్రతిసారీ అదే చోట కొలవాలి, లేకపోతే ఆ కొలతకి అర్థముండదు. ఆ చేయి రెండో చేతికన్నా 2 సెంటీమీటర్లు లావైందంటే, నొప్పి లేకపోయినా వచ్చే చెకప్ దాకా ఆగకుండా చెప్పండి, నీరు చేరడం మొదట్లోనే అయితే అదుపు చేయడం తేలిక. నోరు, గొంతుకి రేడియేషన్ అయినవాళ్ళు బరువు, మింగడం, నోరు ఎంత తెరుచుకుంటోందో చూసుకోవాలి. మీ మూడువేళ్ళు ఒకదాని కింద ఒకటి నిలువుగా పెట్టి పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య పట్టాలి. పోయిన నెల మూడు పట్టి ఈ నెల రెండే పడుతున్నాయంటే దవడ బిగుస్తోందన్నమాట, దానికి వ్యాయామాలున్నాయి, అడగండి. బరువు ఎవరికైనా ముఖ్యమే, ప్రయత్నించకుండా ఆరునెలల్లో 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే అది చెప్పాల్సిన విషయం.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. కొన్నిటికి నోట్స్ తెరవకూడదు, తిన్నగా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. కీమో నడుస్తున్నప్పుడు, లేదా అయిపోయి కొద్ది వారాలే అయినప్పుడు జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటడం అందులో మొదటిది. తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, డాక్టర్‌ని అడక్కుండా పారాసెటమాల్ వేసుకోకండి, అది జ్వరాన్ని కప్పేస్తుంది గానీ ఇన్‌ఫెక్షన్‌ని ఆపదు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం, ఆగని రక్తం, ఫిట్స్, కొత్తగా వెన్నునొప్పి వచ్చి కాళ్ళు పట్టు తప్పడం లేదా మూత్రం ఆపుకోలేకపోవడం కూడా అలాంటివే. ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు ఇవాళే సేవ్ చేసి హోమ్ స్క్రీన్ మీద పెట్టండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా. నంబరు కలవకపోతే 108.

చెకప్‌కి ముందురోజు సాయంత్రం నోట్ మొత్తం పైనుంచి కిందకి చదివి, దానిపైన మూడే మూడు లైన్లు రాయండి: అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఏది, కొత్తగా వచ్చింది ఏది, పోయినసారి చెప్పినా తగ్గనిది ఏది. లోపలికి వెళ్ళగానే ఆ మూడూ చదివేయండి, ‘బానే ఉన్నానండీ’ అనకముందే. డాక్టరుకి మీ నెలంతా చదివే టైమ్ ఉండదు, మూడు లైన్లకి ఉంటుంది. మాట్లాడటానికి మొహమాటమైతే ఫోన్ చేతికిచ్చేయండి, అందులో తప్పేమీ లేదు.

నోట్‌లో ఉండేది మీ సొంత విషయం కాబట్టి ఫోన్‌కి లాక్ ఉండేలా చూసుకోండి, పిల్లలు ఆడుకునే ఫోన్ అయితే మరీను. జబ్బు పేరు అడిగి, ఆపైన కాంటాక్టులూ లొకేషనూ కూడా కావాలనే యాప్‌కి ఏదీ ఇవ్వకండి. క్యాన్సర్ మళ్ళీ రాకుండా చేస్తామని పొడులూ, డైట్ ప్లాన్లూ అమ్మే యాప్‌ని వెంటనే తీసేయండి.

ఈ వారం ఇంటిపని: ఇవాళ రాత్రి పడుకోబోయే ముందు నోట్ తెరిచి, చూసుకోవాల్సిన మూడు నాలుగు విషయాల పేర్లూ, మీ ‘5’ అంటే ఏమిటో అదీ రాయండి. రోజూ ఒకే వేళకి ఒక అలారం, ఒక్క లైను. ఒకరోజు తప్పితే దాన్ని ఖాళీగా వదిలేసి మర్నాడు రాయండి, పాతది ఊహించి నింపకండి. వచ్చే పాఠంలో నడక సంగతి చూద్దాం, ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టేదాన్ని నమ్ముకుని ఎంత నడవాలో, ఎక్కడ ఆగాలో. దానికి ఈ వారం రాసిన నీరసం అంకెలు కావాలి, అవి చూసే మొదటిరోజు ఎంత నడవాలో నిర్ణయిస్తాం.